నెలజీతమా, సొంత పనియా? – బీరంగూడ ప్రాంతము నేర్పు పాఠము

‘ఉద్యోగము పురుషలక్షణము’ అని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ మాటలోని ఉద్యోగమునకు కొలువు అని అర్థము కాదు. పూనిక, ప్రయత్నము అని అర్థము. కాలక్రమమున ఆ పదము కుంచించుకొనిపోయి, నెల మొదటి వారమున చేతికందు జీతమునకు మారుపేరైనది. పూనికకును కొలువునకును గల ఈ భేదమును గూర్చియే నేడు కొంత ఆలోచింపవలసియున్నది.

ఉదయమున బీరంగూడ కమాను కడ కొంతసేపు నిలిచి చూడుడు. ఒక దిక్కున పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములకు పోవు కార్మికులు బస్సులకై వేచియుందురు. మరియొక దిక్కున లింగంపల్లి మీదుగా గచ్చిబౌలి సాఫ్ట్‌వేరు కార్యాలయములకు పోవు యువతీయువకులు తొందరపడుచుందురు. ఎవరి చేతిలో చూచినను అన్నపు డబ్బా, ఎవరి మెడలో చూచినను గుర్తింపు కార్డు. వీరిలో పలువురి మనస్సులలో ఒక ప్రశ్న మెదలుచుండుట మేమెరుగుదుము. “ఎన్నాళ్లీ కొలువు? నేర్చిన పని చేతిలో నున్నది గదా, నా పని నేనే చేసికొనరాదా?” అన్నదే ఆ ప్రశ్న.

ఇది తేలికగా అడుగదగినది కాదు, తేలికగా త్రోసివేయదగినదియు కాదు. దీని వెనుక పిల్లల చదువు ఖర్చు కలదు, ఇంటి అప్పు వాయిదా కలదు, చిట్టీ పాట కలదు, ముసలి తల్లిదండ్రుల మందుల వ్యయము కలదు. కొలువు విడువుడని ప్రోత్సహించుటకు గాని, విడువవలదని భయపెట్టుటకు గాని మేము ఈ వ్యాసమును వ్రాయుటలేదు. విడువదలచినవారు విడుచుటకు ముందు వేసికొనవలసిన లెక్కను చూపుటయే మా ఉద్దేశము.

నాగలి నుండి జీతమునకు

బీరంగూడ ఒకప్పుడు గుట్టను, చెరువులను, జొన్న చేలను నమ్ముకొనిన పల్లె. గుట్టమీది భ్రమరాంబా మల్లికార్జున స్వామికి శివరాత్రి జాతర నేటికిని జరుగుచున్నది. చుట్టునున్న చేలు మాత్రము కాలనీలుగ మారినవి. ఈ మార్పునకు మూలము 1960వ దశకమున కలదు. ప్రక్కనున్న రామచంద్రాపురమున చెకొస్లొవేకియా దేశపు సాంకేతిక సహకారముతో భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది. దానినే నేడు మనము బి.హెచ్.ఇ.ఎల్. అని పిలుచుచున్నాము. 1972లో పటాన్‌చెరు వద్ద మెట్ట పంటల పరిశోధనకై ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. తరువాత పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో పారిశ్రామిక వాడలు విస్తరించినవి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లానుండి సంగారెడ్డి జిల్లా విడివడునాటికి ఈ ప్రాంతము రాష్ట్రమున ముఖ్యమైన పరిశ్రమల కూడలి అయియుండెను.

ఒక తరము నాగలి విడిచి జీతమునకు వచ్చినది. వాన కురిసినను కురియకున్నను నెల తిరుగునప్పటికి డబ్బు వచ్చుట రైతుబిడ్డకు ఎంతటి ఊరటయో చెప్పనక్కరలేదు. కావున నేడు కొడుకు కొలువు మానెదననగా తండ్రి గుండె జల్లుమనుట సహజము. “కరవు చూచినవానికే కొలువు విలువ తెలియును” అని ఆయన అనుకొనును. ఆయన భయమును పిరికితనమని కొట్టివేయరాదు. అది అనుభవమునుండి పుట్టినది.

అయితే పెద్ద కర్మాగారము జీతము మాత్రమే ఇచ్చునది కాదు. పని కూడ నేర్పును. ఒక పెద్ద యంత్రమును నిర్మించు సంస్థ ప్రతి చిన్న భాగమును తానే చేసికొనదు. మరలు, పట్టీలు, పైపుల అతుకులు, తారాగణపు అమరికలు మొదలగువానిని బయటి చిన్న కార్ఖానాలకు ఒప్పగించును. రామచంద్రాపురమున అనుబంధ పరిశ్రమల వాడ ఏర్పడుట ఇట్టి అవసరము వలననే. పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్కలు పెరుగుట ఇందలి మేలు. పెద్ద చెట్టునకు తెగులు పట్టినపుడు చిన్న మొక్కలు మొదట వాడుట ఇందలి కీడు. ఈ రెంటిని కలిపి చూడనివాడు సగము చూచినవాడే.

ఒక శాస్త్రజ్ఞుని మార్గము

మన ప్రాంతమునకు అతి సమీపమున జరిగిన ఒక ఉదాహరణమును పరిశీలింతము. డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుటుంబమున జన్మించిరి. బొంబాయిలో రసాయన సాంకేతిక విద్యను, పూనాలోని జాతీయ రసాయన పరిశోధనశాలలో డాక్టరేటును ముగించి, 1969లో హైదరాబాదునందలి ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వరంగ ఔషధ సంస్థలో చేరిరి. సోవియట్ దేశపు సహాయముతో ఏర్పడిన ఆ సంస్థ మందుల తయారీలో నాటి యువశాస్త్రజ్ఞులకు గొప్ప పాఠశాల వంటిది. 1975 వరకు ఆయన అచ్చట పనిచేసిరి.

తరువాతి ఘట్టమును జాగ్రత్తగా గమనింపవలెను. ఆయన కొలువు విడిచిన మరునాడే తన పేరిట మహాసంస్థను స్థాపించినవారు కారు. 1976 నుండి 1980 వరకు యూనిలాయిడ్స్ అను సంస్థను, 1980 నుండి 1984 వరకు స్టాండర్డ్ ఆర్గానిక్స్ అను సంస్థను నడపిరి. 1984లోగాని డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ ఏర్పడలేదు. కొలువు విడుచుటకును, సొంత పేరు నిలుచుటకును నడుమ తొమ్మిదేండ్లు గడచినవి. రక్తపోటునకు వాడు మిథైల్‌డోపా ఆ సంస్థ తొలి ఉత్పత్తులలో ఒకటి. బీరంగూడకు దాపుననే గల బొల్లారమున ఆ సంస్థ ఔషధ ముడిపదార్థముల కర్మాగారములు వెలసినవి. 2001లో ఆ సంస్థ వాటాలు న్యూయార్కు విపణిలో చేరినవి. అంజిరెడ్డి గారు 2013 మార్చిలో పరమపదించిరి.

ఈ విజయమునకు వ్యక్తి ప్రతిభ ఒక్కటియే కారణమనుకొనుట పొరపాటు. కాలము కూడ కలిసివచ్చినది. 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము మందుపై పేటెంటు లేదు, మందును తయారుచేయు పద్ధతిపై మాత్రమే కలదు. అనగా వేరొక పద్ధతిలో అదే మందును తయారుచేయగల నేర్పరికి ద్వారము తెరువబడినది. ఆ నేర్పు ఐ.డి.పి.ఎల్. వంటి సంస్థలలో పనిచేసినవారి చేతులలో నుండెను. నేర్పు, చట్టము, గిరాకి అను మూడును ఒక్కచోట కలిసినవి. 2005 జనవరి 1 నుండి మందులపైననే పేటెంట్లు వచ్చుటతో ఆ ద్వారము చాలవరకు మూసుకొనినది. కావున నిన్నటివాడు నడచిన దారిలోనే నేడును నడువబోవువాడు, ఆ దారి తెరచియున్నదో లేదో చూచుకొనవలెను.

ఇంకొక విషయము గమనింపదగినది. అంజిరెడ్డి గారు విడిచివచ్చిన ఐ.డి.పి.ఎల్. 1992లో ఖాయిలాపడిన సంస్థగా ప్రకటింపబడినది. అది శాశ్వతమైన కొలువని నమ్మి అచ్చటనే నిలిచినవారు తమ కండ్లముందే అది క్షీణించుట చూచిరి. సొంత పనిలో అపాయము కలదనుట నిజము. కొలువులో అపాయము లేదనుట మాత్రము నిజము కాదు.

మరియొక మార్గము బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి గారిది. ఆయన ఐ.ఐ.టి. కాన్పూరులో చదివి, పలు సంస్థలలో పదునైదేండ్లకు పైగా పనిచేసి, అనుభవమును గడించిన పిమ్మటనే 1991లో హైదరాబాదున ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థను ప్రారంభించిరి. నేడు దానికి సైయెంట్ అని పేరు. ఈ ఇరువురి విషయమునను కొలువు వృథాకాలము కాలేదు, అది శిష్యరికము. జీతము తీసికొనుచు నేర్చుకొనినవారు తరువాత ఆ నేర్పునే మూలధనముగ చేసికొనిరి.

కాకినాడలో జరిగిన ప్రయోగము

స్వతంత్రముగ వ్యాపారము చేయగల గుణము పుట్టుకతో వచ్చునా, నేర్చుకొనిన వచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ప్రసిద్ధ ప్రయోగము మన తెలుగునేలపైననే జరిగినది. 1964లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ పట్టణపు వ్యాపారులను, చిన్న పరిశ్రమలవారిని ఏబదిమందికి పైగా ఎన్నుకొని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో వారికి శిక్షణ ఇప్పించెను. యూసుఫ్‌గూడలోని ఆ సంస్థయే నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా పనిచేయుచున్నది.

ఆయన పరిశోధనలలో వాడిన ఆట ఒకటి పల్లెవారికి సులభముగ అర్థమగును. నేలపై ఒక మేకు నాటుదురు. దానిపై పడునట్లు వలయములు విసరవలెను. ఎంత దూరమునుండి విసరవలెనో విసరువాడే నిర్ణయించుకొనవచ్చును. కొందరు మేకు ప్రక్కనే నిలిచి వేయుదురు; గురి తప్పదుగాని అందు ఘనత లేదు. కొందరు చాల దూరము పోయి విసరుదురు. అది అదృష్టముపై భారము వేయుటయే. కార్యసాధకుడు నడిమి దూరమును ఎన్నుకొనును. అచ్చట తప్పవచ్చును, తగులవచ్చును; తప్పినపుడు చేయి సవరించుకొనుటకు వీలుండును. శిక్షణ పొందినవారు తరువాతి సంవత్సరములలో, పొందనివారికంటె ఎక్కువగ క్రొత్త వ్యాపారములకు, పెట్టుబడులకు పూనుకొనిరని ఆ ప్రయోగము తేల్చినది.

కొలువు విడువదలచిన మన యువకునకు ఇందలి పాఠము స్పష్టము. నెలజీతమును విడువక ఊహలలో మాత్రమే యజమానియగుట మేకు ప్రక్కన నిలుచుట. ఇల్లు తాకట్టుపెట్టి, ఎరుగని పనిలో దూకుట చాల దూరమునుండి విసరుట. తాను ఎరిగిన పనిని, తాను ఎరిగిన కొనుగోలుదారులకు, తాను భరింపగల నష్టపు పరిమితిలో మొదలుపెట్టుట నడిమి దూరము.

కాగితము మీద ఒక కార్ఖానా

ఇక లెక్కకు వత్తము. ఒక టర్నరు బీరంగూడలో అద్దె షెడ్డున లేతు యంత్రము పెట్టుకొని జాబ్‌వర్కు చేయదలచెననుకొందము. ఈ క్రింది అంకెలు ఊహించినవి; చదువరులు తమ తమ అంకెలను వాని స్థానమున వేసికొనవలెను.

షెడ్డు అద్దె 10,000 రూపాయలు, విద్యుత్తు 6,000, సహాయకుని జీతము 15,000, పనిముట్లు, నూనె మొదలగునవి 5,000, యంత్రపు అప్పు వాయిదా 12,000. నెలకు మొత్తము 48,000 రూపాయలు. ఇంటి ఖర్చు మరియొక 24,000. అనగా నెల గడచుటకు 72,000 రూపాయలు కావలెను. యంత్రము ఒక గంట తిరిగిన 400 రూపాయలు వచ్చునని అనుకొన్నచో, నెలకు 180 గంటలు పని ఉండవలెను. ఇరువది ఐదు దినములు, దినమునకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించినను నెలకు కలవి 200 గంటలే. యంత్రము చెడిపోవుట, కరెంటు పోవుట, సరుకు తెచ్చుట, పని కొరకు తిరుగుట అన్నియు మిగిలిన 20 గంటలలోనే జరుగవలెను.

తొలి ఆరు నెలలు సగము పని, అనగా 100 గంటల పని మాత్రమే దొరికినదనుకొందము. నెలకు 40,000 వచ్చును, 32,000 లోటు. ఆరు నెలలకు లోటు 1,92,000. “అంత మాత్రము నా వద్ద కలదు” అని మన టర్నరు సంతోషించును. ఇక్కడనే పొరపాటు దాగియున్నది. పని చేసిన నాడే డబ్బు రాదు. బిల్లు మూడు నెలలకు వచ్చునని అనుకొందము. మొదటి మూడు నెలలు రాబడి సున్న. 72,000 చొప్పున 2,16,000 చేతినుండి పోవును. నాలుగవ నెలనుండి తొమ్మిదవ నెలవరకు వచ్చునవి తొలి ఆరు నెలల సగము పనికి చెందిన డబ్బులు. ఆ ఆరు నెలలును 32,000 చొప్పున లోటు, అనగా 1,92,000. ఏడవ నెలనుండి పని నిండుగ దొరికినను, తొమ్మిదవ నెల ముగియునాటికి అతడు చేతినుండి పెట్టవలసినది మొత్తము 4,08,000 రూపాయలు!

ఈ రెండు అంకెలకు గల భేదమైన 2,16,000 నష్టము కాదు. అది అతని కష్టార్జితమే; ఇతరుల పుస్తకములలో చిక్కుకొనియున్నది. పని లేక మూతపడిన చిన్న కార్ఖానాలు కలవు. చేతినిండ పని ఉండియు, డబ్బు చేతికి రాక మూతపడినవియు కలవు. రెండవ విధమైన చావు మరింత దుఃఖకరము.

మేము ఈ మాటను పుస్తకమునుండి చెప్పుటలేదు. ఒకప్పుడు మేమును కొలువు మానుకొని చిన్న అచ్చుకూటమును పెట్టితిమి. తొలి యేటనే ఒక పెద్ద సంస్థనుండి పని రాగా పొంగిపోతిమి. వ్రాతపూర్వకమైన ఆర్డరును అడుగుటకు మొగమాటపడితిమి. సరుకు అందినది, మెచ్చుకొనిరి, బిల్లు మాత్రము బల్లపై నిలిచిపోయినది. ఆ డబ్బు పదునొకండు నెలలకు వచ్చినది. ఈలోగా కాగితపు దుకాణమునకు బాకీ తీర్చుటకై ఇల్లాలి గాజులు కుదువపెట్టవలసి వచ్చినది. “పని దొరికినదని ఆ దినమున స్వీట్లు పంచితిరి, డబ్బు వచ్చిన దినమున పంచియుండవలసినది” అని ఆమె అన్న మాట మాకు వాణిజ్యశాస్త్రమంతటికి సారమువలె తోచినది.

చట్టము చేతికిచ్చిన ఆయుధము

ఇట్టి బాధను నివారించుటకే 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము వచ్చినది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థనుండి సరుకు గాని సేవ గాని పొందినవారు ఒప్పుకొన్న గడువులోగా డబ్బు చెల్లింపవలెను. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోను 45 దినములకు మించరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో 15 దినములే గడువు. దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లింపవలెను. వివాదములను తీర్చుటకు రాష్ట్రమున ప్రత్యేక మండలి ఏర్పాటు కలదు. అంతియేగాక, 2024 ఏప్రిల్ నుండి గడువు దాటిన బాకీని చెల్లించువరకు కొనుగోలుదారుడు ఆదాయపు పన్ను లెక్కలో దానిని ఖర్చుగా చూపుటకు వీలులేదు.

ఈ రక్షణ కావలెనన్నచో ముందుగా ‘ఉద్యం’ నమోదు చేసికొనవలెను. 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఈ నమోదు ఆధారు సంఖ్యతో జరుగును. ఇందుకు ఒక్క పైసయు రుసుము లేదు. డబ్బు తీసికొని చేయించెదమను దళారులను నమ్మరాదు. సరుకు ఇచ్చిన పిమ్మట కాక, ముందే నమోదు కావలెనని మరువకుడు. ఇతరుల సరుకుపై పని చేసియిచ్చు జాబ్‌వర్కు పన్నుల లెక్కలో సేవ క్రిందికి వచ్చును. ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటిన సేవలకు జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి. అంతకు లోపలనున్నను పెద్ద కంపెనీలు నమోదైనవారికే పని ఇచ్చుట పరిపాటి గనుక, కొనుగోలుదారుని ముందే విచారించుట మంచిది.

కొలువు విడుచునాడు

కోపముతో కొలువు విడువరాదు. నేటి యజమానియే రేపటి మొదటి కొనుగోలుదారుడు కావచ్చును. ఒప్పందము ప్రకారము ముందుగా నోటీసు ఇచ్చి, విడుదల పత్రమును, అనుభవ పత్రమును తీసికొనవలెను. కొలువులో నుండగనే సొంత పని ప్రారంభించుట పెక్కు సంస్థల నిబంధనలకు విరుద్ధము. నియామక పత్రమును ఒకసారి శ్రద్ధగా చదువవలెను. సంస్థ రహస్యములను, నమూనాలను, పత్రములను మోసికొనిపోవుట వ్యాపారము కాదు, దొంగతనము. చేతి నేర్పు మీది, కాగితములు వారివి.

మీకు రావలసినవానిని లెక్కించుకొనుడు. ఐదేండ్లు ఎడతెగక పనిచేసిన స్థిరోద్యోగికి గ్రాట్యుటీ హక్కు కలదు. చివరి నెల మూలవేతనము, కరవుభత్యము కలిపిన మొత్తమును 26 చే భాగించి, 15 చే హెచ్చించి, సేవ చేసిన ఏండ్లచే మరల హెచ్చింపవలెను. ఆ మొత్తము 20,000, సేవ పండ్రెండేండ్లు అయినచో సుమారు 1,38,460 రూపాయలు వచ్చును. భవిష్యనిధిని వ్యాపారమున పెట్టుటకు తొందరపడరాదు. అది ముసలితనపు గింజ. విత్తనపు ధాన్యమును వండుకొనిన రైతు మరుసటి యేడు ఏమి చల్లును? పింఛను హక్కునకు పదేండ్ల సేవ కావలెను. తొమ్మిదేండ్లు నిండినవాడు మరియొక యేడు ఓపికపట్టుట వివేకము.

ఇ.ఎస్.ఐ. వైద్యసౌకర్యము కొలువు విడిచిన పిమ్మట ఎల్లకాలము నిలువదు. ఒక్క జబ్బు ఒక్క కార్ఖానాను మ్రింగగలదు. కావున విడుచుటకు ముందే కుటుంబమునకు ఆరోగ్య బీమా ఏర్పాటు చేసికొనవలెను. అర్హతగల పేద కుటుంబములకు రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము కలదు. దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంపబడినది.

పెట్టుబడికి 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకము క్రింద శిశు తరగతిలో 50,000 వరకు, కిశోర్ తరగతిలో 5 లక్షల వరకు, తరుణ్ తరగతిలో 10 లక్షల వరకు పూచీలేని అప్పులు లభించును. 2008లో ఏర్పడిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమము క్రొత్తగ స్థాపింపబడు సంస్థలకు ఉద్దేశింపబడినది. ముందే నడచుచున్నవానికి ఆ సహాయము సాధారణముగ రాదు. పథకముల నిబంధనలు మారుచుండును గనుక, అడుగు వేయుటకు ముందే జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారించుట ఉచితము. సేద్యపు పంటలకు సంబంధించిన క్రొత్త ఆలోచన గలవారికి ఇక్రిశాట్‌లో 2003లో ఏర్పడిన వ్యవసాయ వ్యాపార పోషక కేంద్రము గూడ సమీపముననే కలదు. అయితే సబ్సిడీ వచ్చుననియే పని ప్రారంభించువాడు, కట్నము వచ్చుననియే పెండ్లియాడినవానితో సమానుడు.

ఎవరు ఆగవలెను?

నేర్చిన పని ఇంకను చేతికి రానివారు, తీర్చవలసిన అధికవడ్డీ అప్పులు గలవారు, తొమ్మిది నెలల ఖర్చు కూడబెట్టనివారు, ఒక్క కొనుగోలుదారునితోనైన నోటిమాటగానైన మాట్లాడియుండనివారు కొంతకాలము ఆగవలెను. పై అధికారిపై కోపముతో విడువదలచినవారు కూడ ఆగవలెను. ఏలయన సొంత పనిలో ప్రతి కొనుగోలుదారుడును ఒక పై అధికారియే. దూరపు కొండలు నునుపు. బీరంగూడ గుట్ట కూడ రహదారినుండి నునుపుగనే కనబడును. ఎక్కినవానికి రాళ్లు తెలియును.

కుటుంబములో ఇరువురును ఒక్కమారే కొలువు మానరాదు. ఒకరి జీతముపై ఇల్లు గడచుచుండగా, రెండవవారు సొంత పనికి పూనుకొనుట మేలు. ఆ రెండవవారు భర్తయే కానక్కరలేదు. 1993లో ఆంధ్రప్రదేశ్ మహిళా పారిశ్రామికవేత్తల సంఘమైన ‘అలీప్’ ఏర్పడి, హైదరాబాదు శివారున గాజులరామారమున స్త్రీల పరిశ్రమలకు ప్రత్యేక వాడను నెలకొల్పినది. ఇంటి లెక్క నేర్పుగ నడపిన ఇల్లాలికి కార్ఖానా లెక్క క్రొత్త విద్య కాదు. ఏది యేమైనను, ఈ నిర్ణయము ఇంటిలోని పెద్దలందరి ఎదుట, కాగితముపై అంకెలు వేసి తీసికొనవలెను. చెప్పక చేసిన సాహసమునకు తోడు దొరకదు.

యజమాని ధర్మము

కొలువు విడిచి యజమానియైనవాడు ఒక బాధ్యతనుండి తప్పించుకొనుటలేదు. మరింత పెద్ద బాధ్యతను తలకెత్తుకొనుచున్నాడు. 2025 జూన్ 30న పాశమైలారమున ఔషధసంబంధమైన కర్మాగారములో జరిగిన ఘోరమైన ప్రేలుడులో ఏబదిమందికి పైగా మరణించిరి. పొట్టకూటికై దూరరాష్ట్రములనుండి వచ్చినవారు వారిలో పెక్కుమంది. ఆ వార్త విన్న నాడు ఈ ప్రాంతమున అన్నము సహించని ఇండ్లెన్నియో కలవు. రెండు యంత్రముల షెడ్డయినను, విప్పియుంచిన విద్యుత్తు తీగ, కాపుదల లేని బెల్టు, మూసియుంచిన రెండవ తలుపు ప్రాణములు తీయగలవు. నిన్న మీరు కార్మికులుగ యజమానినుండి కోరిన భద్రతను, నేడు మీ సహాయకునకు మీరే ఇయ్యవలెను.

నీటి సంగతియు అట్టిదే. పటాన్‌చెరు, బొల్లారము పరిశ్రమల వ్యర్థజలములు చెరువులను, బావులను పాడుచేయగా, 1990లో ఆ వివాదము సుప్రీంకోర్టు వరకు పోవలసివచ్చినది. పరిశ్రమ ఒక ఇంట దీపము వెలిగించి, పది ఇండ్ల నీటిని చేదు చేయరాదు. సమీపముననే గల అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. వలసపక్షులు దిగు ఆ నీటిని కాపాడుట ఎవరో అధికారులకు మాత్రమే చెందిన పని కాదు.

ముగింపు

చదువరులారా! కొలువు నీచము కాదు, సొంత పని స్వర్గము కాదు. కొలువులో శ్రద్ధగ నేర్చినవాడే సొంత పనిలో నిలుచును. సొంత పనిలో ఓడి మరల కొలువునకు వచ్చిన వానిని చూచి నవ్వరాదు. మేమును అట్లు వచ్చినవారమే. ఆ అచ్చుకూటము మాకు ధనమును మిగుల్పలేదు గాని, లెక్కను నేర్పినది. ఆ లెక్కను మీరు గాజులు కుదువపెట్టకయే నేర్చుకొనవలెనని మా కోరిక.

ఈ రాత్రి భోజనానంతరమున ఒక కాగితము తీసికొనుడు. ఒక ప్రక్క నెల ఖర్చు వ్రాయుడు. మరియొక ప్రక్క మీ పనిని నిజముగ కొనగల ముగ్గురి పేర్లు వ్రాయుడు. క్రింద, డబ్బు మూడు నెలలు ఆలస్యమైనచో ఎంత కావలెనో వేయుడు. ఆ కాగితమును ఇంటిలోనివారికి చూపుడు. ముగ్గురి పేర్లు దొరకనిచో రేపు ఉదయము నిశ్చింతగ కమాను కడ బస్సెక్కుడు. నేర్చుకొనవలసినది ఇంకను కలదన్నమాట. పేర్లు దొరికి, అంకెలు కలిసి, ఇంటిలోనివారు సరేయనినచో, పూనికయే ఉద్యోగమను పెద్దల మాటను నిజము చేయుటకు మీరు సిద్ధముగ నున్నారు.